చక్రాలున్న సంచికి ప్రవేశం లేదట!

పొద్దున్న ఆరున్నరకి జరిగింది. ఇప్పుడు పదకొండైంది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మా ఇంటి దగ్గరి పార్కులో, చెరువు పక్కనున్న ఎండుకొమ్మ మీదికి వారం రోజులుగా ఒక పాలపిట్ట వస్తోంది. రెక్కలు విప్పినప్పుడు ఆ నీలం చూడాలి! దాని ఫోటో కోసం నికాన్ డి500 కెమెరా బాడీ 860 గ్రాములు, 200-500 లెన్స్ 2.3 కిలోలు, ఆపైన ట్రైపాడ్, దాని మీద బరువైన లెన్స్‌ని తేలిగ్గా తిప్పే గింబల్ హెడ్, నీళ్ల సీసా, మోకాళ్ల నొప్పి ఆయింట్‌మెంటు. తూచితే తొమ్మిది కిలోలు తేలింది. నాకు 66 ఏళ్లు. అందుకే సికింద్రాబాద్ మోండా మార్కెట్ వైపు వెళ్లి, కూరగాయలు తెచ్చుకునే ట్రాలీ సంచి ఒకటి కొని, అడుగున పాత బొంత మడిచి వేసి, మహారాజులా బయల్దేరాను.

గేటు దగ్గర సెక్యూరిటీ. "సార్, చక్రాలున్నయి లోపటికి పోనియ్యొద్దన్నరు."

"ఎవరన్నారు బాబూ?"

"పైనోళ్లు."

ఈ ఊళ్లో అన్నీ పైనోళ్లే అంటారు. వాళ్లెప్పుడూ గేటు దగ్గర కనపడరు.

నా కళ్లముందే కవలల్ని కూర్చోబెట్టిన స్ట్రోలర్ ఒకటి లోపలికి వెళ్లింది. దానికి నాలుగు చక్రాలు, నాదానికి రెండే. లెక్క ప్రకారం నేను సగం నేరస్తుణ్ణి. దాని వెనకే ప్రీవెడ్డింగ్ బ్యాచ్: మూడు సూట్‌కేసులు, నేలంతా ఊడ్చే గౌను, రంగుల పొగ డబ్బాలు. సూట్‌కేసులకి చక్రాలు ఉండవు కాబోలు!

"సామాను భుజానేసుకొని పోన్రి సార్" అని ఉచిత సలహా. మీలో కూడా కొందరు బ్యాక్‌ప్యాక్ కొనుక్కోమంటారు, నాకు తెలుసు. బ్యాక్‌ప్యాక్ ఉంది నాయనా, దాన్ని మోసే వీపే లేదు. పోయినేడు దాంతోనే గోల్కొండ ఎక్కాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినపడుతుందంటారు కదా, ఆ రోజు నా మోకాళ్ల చప్పుడు కింద ఫతే దర్వాజా దాకా వినపడి ఉంటుంది. పాతకాలపు ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ గాజు పలకలతో ఫోటోలు తీశారు. ఆ బరువు ముందు నాదెంత? కానీ ఆయనకి ఆరో నిజాం కొలువు ఉంది. నాకు మోకాలి బెల్టు ఉంది.

బటన్ నొక్కడం సెకనులో రెండువేలో వంతు. మిగతా రోజంతా బరువు మోతే. ఆ బరువు ఎవరికి పట్టింది?

నా గోడు మొత్తం ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా పెద్దమ్మ కొడుకు, "ఈ వయసులో అవసరమా తమ్ముడూ, ఫోనుంది కదా" అన్నాడు. ఎవరు అంటున్నదీ! 1996లో వాళ్ల పెళ్లికి రెండు ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరాలు, ఫ్లాష్, బ్యాటరీ ప్యాక్ మెడకి వేసుకుని, స్నాతకం నుంచి అప్పగింతల దాకా పన్నెండు రోల్స్ తీశాను. "మనవాడే కదా" అని రోల్స్ డబ్బులు కూడా ఇవ్వలేదు. పోనీ. భోజనాల దగ్గర, "ఫోటోగ్రాఫర్లు ఆఖరి పంక్తి" అన్నాడు. సొంత తమ్ముణ్ణి! నా వంతు వచ్చేసరికి పూర్ణాలు అయిపోయాయి. ఆ ఆల్బమ్ ఇప్పటికీ వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తాడు, తీసిందెవరో మాత్రం చెప్పడు.

సరే, పాలపిట్ట సంగతి. నేను గేటు దగ్గర వాదిస్తుండగానే ఎండ ముదిరింది. ఇంటికొచ్చేశాను.

మా మనవడి పాత స్ట్రోలర్ అటక మీద ఉంది. రేపు దాంట్లో లెన్స్ పడుకోబెట్టి, ఉన్ని టోపీ పెట్టి తీసుకెళ్తాను. ఎవరాపుతారో చూస్తా.