అచ్చుకు ముందే అలసిపోతున్న నవలాకారులు

డిసెంబరులో హైదరాబాద్, జనవరి మొదటి రోజుల్లో విజయవాడ పుస్తక ప్రదర్శనలు. ఆలోపు కొత్త నవలను అచ్చేయించి బల్లమీదికి చేర్చడానికి రచయితలు పడే హైరానా తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. మనం అడగడం మానేసిన ప్రశ్న ఒకటుంది: ఆ రెండు మూడు నెలల చాకిరీలో రచన పాలు ఎంత? దాదాపు శూన్యమని నా అభిప్రాయం. ఆ తప్పు రచయితలది కాదు.

తిరుపతిలో ఉపాధ్యాయురాలిగా పనిచేసే ఒక నవలా రచయిత్రి ఇప్పుడు ఈ దశలోనే ఉన్నారు. చిత్తూరు పల్లెల్లో బెల్లం వండే కుటుంబాల మీద ఏళ్ల తరబడి రాసిన నవల ఆమెది. టైపు చేసిన పాత అను ఫాంట్ల నుంచి ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌కు మార్చేటప్పుడు చెదిరిపోయిన ఒత్తులను బడి నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని ఆమే దిద్దుకుంటున్నారు. పాత్రలు ‘వస్తా ఉండాడు’ అన్నచోటల్లా పేజీలు కూర్చే డీటీపీ కుర్రవాడు మంచి ఉద్దేశంతోనే ‘వస్తున్నాడు’ అని మార్చేస్తే, మూడో ప్రూఫులో ఒక్కొక్కటీ వెతికి ఎర్ర ఇంకుతో వెనక్కి తెచ్చుకున్నారు. ముందుమాట కోసం ఫోన్లు, పుస్తక గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం దరఖాస్తు, ఆవిష్కరణ సభకు హాలు, వక్తల ప్రయాణాలు కూడా ఆమె నెత్తినే ఉన్నాయి. నన్ను కలచివేసింది మాత్రం ఇవేవీ కావు. ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు. ఫారానికి పదహారు పేజీల లెక్కన నవల సరిపోక చివర ఐదు పేజీలు ఎక్కువయ్యాయి. వాటికోసం మరో అర ఫారం వేయిస్తే ఖర్చు భరించలేనని, గానుగ ఆగిపోయాక ఊరు ఏమైందో చెప్పే భాగాన్ని తీసేయాలని ఆమె ఆలోచిస్తున్నారు. నవల ఎక్కడ ముగియాలో కథ తేల్చాలి గాని కాగితం ధర తేల్చడమేమిటి?

అచ్చయ్యాక విక్రేతల కమీషన్, బకాయిల వసూళ్ల సంగతి సరేసరి. పుస్తకాలు పంపడానికి చవకగా ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. 2025 మేలో పుస్తకాల కోసమే జ్ఞాన్ పోస్ట్ అనే సేవ వచ్చి కొంత ఊరటనిచ్చింది.

సొంతంగా వేసుకుంటే ఎవరి దయా అక్కర్లేదని, ఫేస్‌బుక్‌లో ముందస్తు ఆర్డర్లు తీసుకుంటే పెట్టుబడి చేతికొస్తుందని, పాఠకుడితో నేరుగా బంధం ఏర్పడుతుందని వాదించేవారున్నారు. పెద్ద స్నేహబృందం, చేతిలో కొంత సొమ్ము ఉన్నవారి విషయంలో అది నిజమే. అవి రెండూ లేని పల్లె రచయితకు ఈ స్వేచ్ఛ అప్పుగానే మిగులుతుంది.

ఈ భారం మోయడానికి గ్రంథాలయాల వ్యవస్థ ఒకటి మనకు ఎప్పుడో ఉంది. మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం 1948లో వచ్చినప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు ప్రావిన్సులోనే ఉండేది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 1960 గ్రంథాలయ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్లుగా వినిపిస్తోంది. నగరి దాటి తమిళనాడులోని తిరుత్తణి చేరితే చాలు, తమిళ పుస్తకాలను ప్రభుత్వమే గ్రంథాలయాల కోసం కొనే పద్ధతి కనిపిస్తుంది. 1914లోనే గ్రంథాలయ సంఘం పెట్టుకుని ఉద్యమం నడిపిన ఆంధ్రులకు ఆ మాత్రం చేతకాదా?

లెక్క పెద్దదేమీ కాదు. ఉమ్మడి పదమూడు జిల్లాల గ్రంథాలయ సంస్థలు ఒక్కొక్కటి 40 కాపీలు తీసుకుంటే 520 అవుతాయి. ఇవాళ చాలా నవలల తొలి ముద్రణ 500 కాపీలే. అయితే ఆ కొనుగోలు పుస్తకం వచ్చాక దయతలచి చేసేది కాకూడదు. రాతప్రతి దశలోనే రచయితలు, పాఠకులు, గ్రంథపాలకులు ఉన్న సంఘం ఎంపికచేసి, ముద్రణకు ముందే సగం సొమ్ము చెల్లించాలి. ఎంపికలో పైరవీలు దూరకుండా ఎంచుకున్న పుస్తకాల జాబితాను, కారణాలతో సహా, ప్రతి శాఖా గ్రంథాలయం గోడమీద అంటించాలి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ప్రతి పురపాలక సంస్థ, ప్రతి పంచాయతీ గత ఐదేళ్లలో ఎంత సెస్సు వసూలు చేసిందో, అందులో ఎంత గ్రంథాలయాలకు చేరిందో, దాంతో ఎన్ని కొత్త తెలుగు నవలలు కొన్నారో ముందుగా బయటపెట్టాలి. ఆ లెక్కలు అడగవలసినవారు రచయితలొక్కరే కాదు, ఆ సెస్సు కడుతున్న ఇంటి యజమానులందరూ.