పసుపుకు ఇంకా వంతు రాలేదు

పిల్లలకు ఇంట్లోనే సైన్సు నేర్పించాలనుకునే తల్లిదండ్రులకు మొదట ఎదురయ్యే అడ్డంకి పిల్లలే. సిలబస్ కొనకముందే ప్రశ్నలు మొదలుపెడతారు. గోడ మీద బల్లి ఎందుకు పడదు? రాత్రి రుబ్బిన దోసె పిండి పొద్దునకల్లా గిన్నె దాటి ఎందుకు వస్తుంది? మనం అలిపిరికి పోతే చందమామ కూడా అలిపిరికే ఎందుకొస్తాడు? ఇంతటి క్రమశిక్షణ లేని కుతూహలాన్ని అదుపులో పెట్టే సాధనం ఒక్కటే ఉంది. దాన్ని కరిక్యులం అంటారు.

తిరుపతిలో మా వీధిలోనే అలాంటి కుటుంబం ఒకటి ఉంది. భార్యాభర్తలిద్దరిదీ ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ పని. కొడుక్కి ఆరేళ్ళు. బడి పిల్లల సహజమైన ఆసక్తిని చంపేస్తుందని వారి గట్టి నమ్మకం. ఆ పని ఇంట్లోనే, తల్లిదండ్రుల పర్యవేక్షణలో జరగాలని వారి పట్టుదల. నేను వారిని మెచ్చుకుంటూ రాస్తున్నాను. దయచేసి అలాగే చదవండి.

సిలబస్ ఎంపికకు వారు ఎక్సెల్ షీటు తెరిచారు. అడ్డంగా కరిక్యులం పేర్లు, నిలువుగా గుణగణాలు. స్పైరల్ పద్ధతిలో అవే విషయాలు ఏటా కొంచెం లోతుగా మళ్ళీ వస్తాయి. మాస్టరీ పద్ధతిలో ఒకటి పూర్తిగా ముగిశాకే రెండోది. ఏది మేలో తేలక ఇద్దరూ నెలల తరబడి వీడియోలు చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదని ఆయనే అన్నారు. ఈలోగా పిల్లవాడు సైన్సు లేకుండా అల్లాడిపోయాడు. గేటు పక్కన చీమల బారు దగ్గర కూర్చుని, దాని దారిలో పుల్ల అడ్డం పెట్టి, అవి ఎటు తిరుగుతాయో చూస్తూ విలువైన బాల్యాన్ని వృథా చేసుకున్నాడు.

జాతీయ స్థాయిలో బడి పుస్తకాలు తయారుచేసే మన ఎన్‌సీఈఆర్‌టీని మొదటి రౌండులోనే కొట్టేశారు. వాళ్ళు 1, 2 తరగతులకు విడిగా సైన్సు పుస్తకమే పెట్టలేదు. ఆ వయసులో చుట్టూ ఉన్నదాన్ని చూడటం, మాట్లాడటం, బొమ్మలు గీయడం చాలునట. భాష, లెక్కల పాఠాల్లోనే పరిసరాలూ కలిసిపోవాలట. పుస్తకం 3వ తరగతి నుంచి. "అంటే రెండేళ్ళు ఖాళీయేనా అన్నా?" అని ఆయన నన్ను నిలదీశారు. పైగా పుస్తకాల పీడీఎఫ్‌లు ఊరికే ఇచ్చేస్తున్నారు. ఊరికే వచ్చేదానితో శాస్త్రవేత్త తయారవుతాడంటే ఎవరు నమ్ముతారు?

నేను ఊరుకోకుండా మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం గురించి చెప్పి చూశాను. 1972లో మొదలై 2002లో ప్రభుత్వం మూసేసేదాకా నడిచింది. పల్లెల్లోని సర్కారు బడుల్లో 6 నుంచి 8 తరగతుల పిల్లలు చవక సామాన్లతో ప్రయోగాలు చేసి, తమ కంటికి కనిపించిందే రాసుకునేవారు. పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకెళ్ళనిచ్చేవారు. మా వీధి తండ్రి శ్రద్ధగా విన్నారు. "బాగుంది అన్నా. కానీ జవాబులు ముందే ఇవ్వకపోతే పేరెంట్స్‌కి టెన్షన్ కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అది కూడా ముందే ఇచ్చి ఉంటే బాగుండేది.

సర్టిఫికెట్ గురించి మాత్రం దిగులు లేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయం (ఎన్‌ఐఓఎస్)లో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి. దిగులంతా ఆ మధ్యలో ఏం చేయాలన్నదే.

చివరికి అమెరికా నుంచి పెట్టె వచ్చింది. డాలర్లు, రవాణా, కస్టమ్స్ సుంకం కలిపి చూస్తే ఆ పెట్టెకు తగిన గౌరవం దక్కిందనే చెప్పాలి. నాలుగేళ్ళదీ ఒకేసారి కొంటే తగ్గింపు అన్నారు, కొన్నారు. మొదటి ఏడాది ప్రాణులు, రెండో ఏడాది భూమి, ఆకాశం, మూడో ఏడాది రసాయన శాస్త్రం, నాలుగో ఏడాది భౌతిక శాస్త్రం. ఈ ఏర్పాటులోని గొప్పతనం తిరుపతి వాళ్ళకు నేను వివరించనక్కర్లేదు. పిల్లవాడి ప్రశ్నలు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తుల్లా తమ తమ కంపార్ట్‌మెంట్లలో కూర్చుంటాయి. తలుపు తీసినప్పుడే కదలాలి. చందమామ రెండో కంపార్ట్‌మెంటు. దోసె పిండి మూడు. బల్లి ప్రాణి కాబట్టి మొదటిదే, కానీ అది ఎందుకు పడదన్నది నాలుగులోకి వస్తుంది.

కొనేముందు ఇంకో గండం దాటారు. ఆ దేశపు ఇంటి చదువుల పుస్తకాల్లో రెండు వర్గాలున్నాయి. మతం ప్రకారం భూమికి సుమారు ఆరు వేల ఏళ్ళు అనేది ఒకటి, సెక్యులర్ అనే ముద్ర వేసుకుని అమ్మేది మరొకటి. ఏది కొనాలో తేలక వీరు వారం రోజులు మథనపడ్డారు. ఆ వారంలో కనీసం రెండుసార్లు తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగారు. ఆ రోడ్డు పక్కనే కొండకోతలో ఒక గీత కనిపిస్తుంది. కింద ఆర్కియన్ అనే అతి పురాతన యుగపు రాయి, పైన చాలా కాలం తర్వాత పేరుకున్న క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు. రెంటికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతైంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. కారు కిటికీలోంచి పిల్లవాడు అడిగాడు, "నాయనా, ఆ కొండకు గీత ఎవరు గీసినారు?" ఆయన ఫోన్లో రెండు కరిక్యులాల రేటింగులు పోల్చుకుంటున్నారు. భూమి ఎలాగూ రెండో ఏడాది.

పెట్టెలో వచ్చిన ఋతువుల చార్టుకు నాలుగు గడులు. అక్టోబరులో ఆకులు రాలాలి, డిసెంబరులో మంచు కురవాలి. మన ఊరికి ఈ సంగతి ఎవరూ తెలియజేయలేదు. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వాన. 2021 నవంబరులో ఆ వానకే తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేశారు. వేపలు, కానుగలు ఆకు రాల్చేది శివరాత్రికి అటూ ఇటూ. అయినా తల్లి ధైర్యం వదలలేదు. జోరువానలో కిటికీలు మూసి, మేపుల్ ఆకుల బొమ్మలు ప్రింటు తీసి, నారింజ రంగు వేయించింది. ఫిబ్రవరిలో పిల్లవాడు వీధిలోంచి గుప్పెడు ఎండు కానుగాకులు తెచ్చాడు. వాటికి వర్క్‌బుక్‌లో గడి లేదు. ఓక్ కాయలు దాచుకునే ఉడుత, చలికాలమంతా నిద్రపోయే ఎలుగు ఇప్పుడు వాడికి బంధువులతో సమానం. శేషాచలం బండల్లో బంగారు బల్లి ఒకటి ఉందని, ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లో, వీటి చుట్టుపక్కలేనని వాడికి చెప్పవలసిన అవసరం రాలేదు. పరీక్షలో రాదు.

ఇక పసుపు సంగతి.

ఒకరోజు పిల్లవాడికి జ్వరం తగిలింది. వాళ్ళ అవ్వ పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, వక్కాకు డబ్బాలోంచి ఇంత సున్నం తీసి వేసింది. పచ్చటి నీళ్ళు కళ్ళ ముందే ఎర్రగా మారాయి. దిష్టి తీయించుకోవలసినవాడు లేచి కూర్చున్నాడు. "అవ్వా, ఇది యెట్లా ఎర్రగైంది?"

"ఏమో నాయనా, మా అమ్మ కాలం నుంచీ ఎర్రగానే అవతాది."

"నిమ్మకాయ పిండితే?"

పిండారు. మళ్ళీ పసుపు. ఇంకొంచెం సున్నం, మళ్ళీ ఎరుపు. ఒక ఊహ, దానికి పరీక్ష, పరీక్షను తిరగేసి మరో పరీక్ష. వర్క్‌షీటు లేకుండా, అంగీకార పత్రం మీద సంతకం లేకుండా, భద్రతా కళ్ళద్దాలు లేకుండా ఒక ఆరేళ్ళవాడు, ఒక డెబ్బై ఏళ్ళావిడ ఇంత పని చేశారు. తల్లి సరైన సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది. మూడో ఏడాది పుస్తకం తెరిచి చూసింది. ఆమ్లాలు, క్షారాలు, రంగుల మార్పు, ఇరవై రెండో వారం. కావలసిన వస్తువు: ఊదారంగు క్యాబేజీ. పసుపు జాబితాలో లేదు. "కన్నా, అది మనం ఎనిమిదేళ్ళప్పుడు చేస్తాం" అని పళ్ళెం తీసుకెళ్ళి సింకులో పోసింది. ఊదా క్యాబేజీ మన మార్కెట్లో నమ్మకంగా దొరకదని, అప్పటికి చెన్నై నుంచి తెప్పించాలని ఆయన ఇప్పుడే ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నారు. ముందుచూపు అంటే అదీ.

శ్రీకాళహస్తిలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఇంతకన్నా పెద్ద ప్రమాదం తప్పింది. కలంకారీ వేసే ఇంటి ముందు వాడు ఆగిపోయాడు. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేశారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళలో కలం ముంచి గీస్తే, గీత బట్ట మీద నల్లగా తేలుతోంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే ఆ నలుపు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఆ కళాకారుడు ఓపికగా చెప్పబోయాడు కూడా. తండ్రి వాచీ చూసుకున్నారు. ఇంటికెళ్ళి చలికాలపు పక్షుల యూనిట్ పూర్తి చేయాలి.

చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర 1,024 యాంటెన్నాలతో పైగాలులను కొలిచే రాడార్ ఉంది. అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచి పిల్లలను మీటలు నొక్కనిస్తోంది. వీటికి లెసన్ ప్లాన్ ఉందా? లేదు. కనుక వదిలేద్దాం.

ఏడాది చివర్లో ఘనంగా చేసిన ప్రయోగం అగ్నిపర్వతం. నన్నూ పిలిచారు. మట్టి కొండ, అందులో దిగుమతి చేసుకున్న బేకింగ్ సోడా, ఎర్రరంగు కలిపిన వెనిగర్. బుసబుసా పొంగింది. అది కార్బన్ డయాక్సైడ్ అని, నిజమైన అగ్నిపర్వతంలో జరిగేది అది కాదని, కరిగిన రాయి పైకి తన్నుకు రావడానికీ వెనిగర్‌కీ చుట్టరికం లేదని నేను అనలేదు. అతిథి మర్యాద ఒకటి ఉంటుంది. వర్క్‌షీటులో "నా ఊహ", "నేను చూసింది", "ముగింపు" అని మూడు గడులున్నాయి. టైమ్ సరిపోదని ముగింపును ముందురోజే రాయించేశారు. ఈలోపు ఎండాకాలపు వేడికి వంటింట్లో దోసె పిండి సూక్ష్మజీవుల పుణ్యమా అని అదే వాయువుతో గిన్నె మూత లేపి గట్టు మీదికి దిగింది. పిల్లవాడు అక్కడికి పరుగెత్తాడు. "ముందు ఇక్కడ పూర్తి చెయ్, అది మురికి" అని తల్లి వెనక్కి పిలిచింది.

ఇప్పుడు వారికి మాస్టరీ పద్ధతి మీద నమ్మకం పోయింది. స్పైరల్‌కి మారుతున్నారు. కొత్త ఎక్సెల్ షీటు తయారైంది. పాత పెట్టెను ఇంటి చదువుల వాట్సాప్ గ్రూపులో అమ్మకానికి పెట్టారు. ప్రకటన నేనే దిద్దిపెట్టాను: "నాలుగేళ్ళ పూర్తి సైన్సు కరిక్యులం. మొదటి ఏడాది పుస్తకంలో కొన్ని పేజీలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, తుడిచి ఇస్తాం. మిగతావాటిలో ఏమీ రాయలేదు. భూతద్దం మాత్రం లేదు. బాబు చీమల దగ్గరికి పట్టుకుపోయి తిరిగి ఇవ్వడం లేదు, అందుకని ధర తగ్గించాం."

చిత్తూరు నుంచి ఒకావిడ అయిదు నిమిషాల్లో జవాబిచ్చారు. భూతద్దం లేకపోయినా పర్వాలేదండీ, ఆన్సర్ కీ ఉందా?