క్యారేజీ విప్పని అరగంట

నేను అమెరికాలో నర్సుని. రాత్రి ఏడింటికి డ్యూటీకెళ్తే పొద్దున్న ఏడున్నరకి పంచ్ కొట్టి బయటపడతాను. పన్నెండున్నర గంటలు. జీతం మాత్రం పన్నెండింటికే, ఎందుకంటే భోజనం కింద అరగంటని కంప్యూటరే కోసేస్తుంది, నేను తిన్నానో లేదో దానికి అనవసరం. ఏడేళ్లు నేనూ పట్టించుకోలేదు. ఒక రాత్రి పెరుగన్నం డబ్బా మూత తీయడం, ఫోను మోగితే మూత పెట్టి పరుగెత్తడం, మళ్లీ వచ్చి తీయడం, ఇలా నాలుగుసార్లయ్యాక ఆ డబ్బాని అలాగే ఇంటికి తెచ్చుకుని, ఒళ్లు మండి లెక్కేశాను. వారానికి మూడు షిఫ్టులు, ఏడాదికి 52 వారాలు, పూటకి అరగంట చొప్పున 78 గంటలు. సెలవులు తీసేసినా ఇంచుమించు రెండు వారాల పని ఊరికే చేసిపెడుతున్నానన్నమాట.

ఇక్కడి చట్టం ఏమంటుందో ఒక్క ముక్కలో చెప్తాను, ఎందుకంటే మన నర్సుల్లోనే చాలామందికి తెలీదు. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ ప్రకారం భోజనానికి జీతం కోయాలంటే ఆ అరగంటా మనిషిని పని నుంచి పూర్తిగా వదిలేయాలి. ఫోను చేతిలో పెట్టుకుని, పేషెంట్ల మీద ఒక కన్నేసి తింటే అది భోజనం విరామం కాదు, డ్యూటీయే. ఐదు నుంచి ఇరవై నిమిషాల టీ బ్రేకులు ఇస్తే వాటికి జీతం కోయకూడదు. వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైం (ఓటీ) కింద ఒకటిన్నర రెట్లు. అంటే నేను నాలుగో షిఫ్ట్ ఒప్పుకున్న వారంలో ఆ పోయిన అరగంటలు ఒకటిన్నర రెట్ల రేటున పోతున్నాయి! మా మిషన్లో ఆ కోతని రద్దు చేసే బటన్ ఒకటుంది కూడా. నొక్కితే మర్నాడు మేనేజర్ పిలిచి, మిగతావాళ్లకి కుదిరినప్పుడు నీకెందుకు కుదరలేదు, టైం మేనేజ్ చేసుకోవడం నేర్చుకో అంటుంది. రెండుసార్లు అనిపించుకున్నాక ఎవరైనా నొక్కడం మానేస్తారు. అదే వాళ్లకి కావలసింది.

ఇదంతా అమెరికా రోగమే అనుకుంటూ మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లాను. తమ్ముడు పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. చీకటితో షిఫ్ట్ బస్సెక్కినవాడు రాత్రి ఎనిమిది దాటాక దిగుతున్నాడు.

"ఏటిరా ఇది, ఇల్లు అన్నది గుర్తుందా?"

"డ్యూటీ పన్నెండు గంటలప్పా. ఓటీ ఇస్తన్నార్లే."

"ఎంతిస్తన్నారు?"

"గంటకి గంట."

గంటకి గంట అంటే మామూలు రేటే. 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఓవర్‌టైంకి రెట్టింపు ఇవ్వాలన్నది రూలు. రోజుకి 480 రూపాయలనుకోండి, గంటకి 60. పైన నాలుగు గంటలకి రావలసింది 480, చేతిలో పడేది 240. నెలకి 26 డ్యూటీలు చేస్తే 6,240 రూపాయలు ఎగిరిపోయినట్టే. మా మరదలు నెలంతా వంటింటి సరుకులు దాంట్లోనే తెచ్చేస్తుంది.

డబ్బు కంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి, ఓటీని మూడు నెలలకి 75 గంటల నుంచి 144కి పెంచింది (ఎవరడిగారో మరి, కార్మికులైతే కాదు). మా వాడు చేస్తున్నది రోజుకి నాలుగు గంటల చొప్పున నెలకి 104, మూడు నెలలకి 312. పెంచిన పరిమితికి కూడా రెట్టింపు దాటిపోయింది. కాబట్టి ఆ గంటల్ని రిజిస్టర్‌లో రాయడానికే వీల్లేదు. మేస్త్రీ దగ్గర చిన్న నోటుబుక్కులో ఉంటాయి, డబ్బు విడిగా చేతికిస్తాడు. రసాయనాలు కలిపే రియాక్టర్లు, ఇట్టే అంటుకునే సాల్వెంట్ల మధ్య పని అది. సాయంత్రం ఆరింటికి ఏదైనా జరగరానిది జరిగితే, కాగితం ప్రకారం నా తమ్ముడు అప్పటికే ఇంట్లో ఉండాలి.

మరి అడగొచ్చు కదా అంటే, మేస్త్రీ మా పక్క ఊరివాడు, వరసకి బావ. "బావే పెట్టించాడప్పా, ఆయన్నెలా అడుగుతాను" అంటాడు వీడు. ఈ దోపిడీ అంతా నిలబడింది ఈ మొహమాటం మీదేనని నా గట్టి అభిప్రాయం. అక్కడ బావ, ఇక్కడ మేనేజరమ్మ. ఇంకా ఇక్కడ మన తెలుగు హోటళ్లలో వంటమాస్టర్లని చూడండి, నెల జీతం ఇంత అని మాట్లాడుకున్నాక ఓటీ ఏంటి బాబూ, మనం మనం అంటారు. నెల జీతం ఇచ్చినంత మాత్రాన వంటమనిషి ఓవర్‌టైం హక్కు పోదు. వీసా కాగితాలు సరిగా లేకపోయినా చేసిన పనికి జీతం అడిగే హక్కు పోదు. ఈ పత్రికకి ప్రకటనలిచ్చే యజమానులు కొందరికి కోపం రావచ్చు, సరిగ్గా ఇస్తున్నవాళ్లకి రానక్కర్లేదు. ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా సొంత జిల్లాలకి చందాలు పోగుచేస్తుంది, బాగానే ఉంది, కానీ చందా రాసిన చేత్తోనే వంటవాళ్ల అరగంట కోసేవాడికి శాలువా కప్పడం నాకు మింగుడు పడదు.

మా అమ్మ పలాసలో జీడి పిక్కలు కొట్టేది. కిలోల లెక్కన కూలి. చోడంబలి తాగడానికి లేస్తే ఆ మేరకి కిలోలు తగ్గుతాయని మధ్యాహ్నం దాకా లేచేది కాదు, జీడి చమురుకి చేతులు నల్లగా పొక్కి ఉండేవి. ఆమెకి అరగంట కోసే మేనేజరు కూడా అక్కర్లేదు, తనే కోసుకునేది. కిలో లెక్క వాళ్లకి ఓటీ ఏంటని అందరూ నవ్వుతారు గానీ, అప్పటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, అలాంటివాళ్లకి అంతకుముందు నెల రోజువారీ సగటు సంపాదన తీసి దాని మీద రెట్టింపు కట్టాలని. అమ్మకి ఈ సంగతి చెప్తే "ఇప్పుడా చెప్తావు" అంది.

నేను మాత్రం తిరిగి ఇక్కడికొచ్చాక బటన్ నొక్కుతున్నాను. తినని ప్రతి పూటా నొక్కుతున్నాను, ఎందుకు తినలేదో ఒక చిన్న పుస్తకంలో టైంతో సహా రాసుకుంటున్నాను. 1946లో ఒక కుండల ఫ్యాక్టరీ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, యజమాని సరైన రికార్డు పెట్టకపోతే పనివాళ్లు చెప్పే సహేతుకమైన లెక్క చాలంది. ఫిర్యాదుకి రెండేళ్ల గడువు, కావాలని ఎగ్గొట్టినట్టు తేలితే మూడేళ్లు. మన దేశంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్‌లో గడువు మూడేళ్లు, పైగా డబ్బు చెల్లించానని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదే. ఆ కోడ్‌లన్నీ మంచివని నేననను, ఈ ఒక్క ముక్క మాత్రం పనికొస్తుంది.

అందుకే బయల్దేరే ముందు రోజు మరదల్ని కూర్చోబెట్టి చెప్పాను. వాళ్లింట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుంటాయి. పాల లెక్క కిందే తమ్ముడు బస్సెక్కిన టైం, దిగిన టైం రాయమన్నాను. వాడు కస్సుమన్నాడు, "ఉద్యోగం ఊడగొడతావేటప్పా" అని. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. నిన్న వీడియో కాల్‌లో వెనక గోడ కనిపించింది. లీటరున్నర పాలు, దాని కింద ఐదున్నర, ఎనిమిదీ పది.