జెండా దించినంత మాత్రాన షెల్ చావదు

మా పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఆర్మీవాళ్లు కాల్పులు సాధన చేసే ఫైరింగ్ రేంజ్‌లో అడిగే నాథుడు ఉండడు, బుద్ధి పుట్టినప్పుడు కాలుస్తారు. నష్టం జరిగితే పైసా రాదు. కాల్పులప్పుడు ఎగరేసే ఎర్రజెండా దించాక లోపలికి పోవచ్చు, పేలకుండా ఏడాది దాటిన షెల్ (ఫిరంగి గుండు) చచ్చినట్టే, ఇత్తడి అమ్ముకోవచ్చు." గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యి, సర్వీసంతా గన్స్ దగ్గరే గడిపినవాణ్ని. ఊరుకోలేక రాస్తున్నా.

బుద్ధి పుట్టినప్పుడు కాల్చడం కుదరదు. 1938 నాటి చట్టం ప్రకారం ఏ ప్రాంతంలో, ఎప్పుడు కాల్చాలో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఝార్ఖండ్‌లో నేతర్‌హాట్ రేంజ్ గడువు 2022లో అయిపోతే అక్కడి ప్రభుత్వం పొడిగించలేదు. అంతా సైన్యం ఇష్టమే అయితే అది ఆగేదా?

ఇక అడిగే నాథుడు. 105 మిల్లీమీటర్ల ఫీల్డ్ గన్ 17 కిలోమీటర్లు కొడుతుంది. ఇంత దూరం పోయే గుండు విషయంలో ఒక్కడి లెక్కను నమ్మరు. గన్‌కు ఇచ్చే లెక్కలు హద్దులు దాటకుండా చూడడానికి విడిగా సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు. ప్రమాదం కనిపిస్తే సిపాయి కూడా "స్టాప్" అని అరవచ్చు. ఒకసారి గొర్రెల మంద లోపలికి వచ్చిందని ఒక కుర్ర సిపాయి అలాగే అరిచాడు. పూట గడిచిపోయింది, మా ఆఫీసర్ మొహం మాడ్చుకున్నాడే గానీ ఒక్క మాట అనలేదు.

నష్టపరిహారం కూడా అదే చట్టంలో ఉంది, లెక్క కట్టేది రెవెన్యూవాళ్లు. చేతికి ఎప్పుడొస్తుందంటే మాత్రం ఆ మెసేజ్ రాసినాయన కోపం నాకూ అర్థమవుతుంది.

నా అసలు భయం చివరి మాట గురించే. మనవాళ్లు మట్టిపనికి ఏ రాష్ట్రమైనా పోతారు కదా, అక్కడ రేంజ్ పక్కనే పని పడొచ్చు. జెండా దించారంటే ఆ రోజు కాల్పులు అయిపోయాయని, అంతే. పేలని షెల్‌ను మేం బ్లైండ్ అంటాం. ఎంత వెతికినా మట్టిలో కూరుకుపోయినవి కొన్ని మిగులుతాయి. బావిలో తూటాలు పెట్టినవాళ్లను అడగండి. పది పెడితే తొమ్మిదే పేలాయనుకోండి, వెంటనే ఎవరైనా దిగుతారా?

లోపలి పేలుడు మందు టీఎన్‌టీ దశాబ్దాలైనా పాడవదు. తుప్పు పట్టేది పైన ఉక్కు, ముందుండి షెల్‌ను పేల్చే ఫ్యూజ్. తుప్పు పట్టిన ఫ్యూజ్ ఇంకా ప్రమాదం. బెల్జియంలోని ఈప్ర్‌లో మొదటి ప్రపంచయుద్ధం నాటి షెల్ 2014లో పేలి ఇద్దరు పనివాళ్లు చనిపోయారు. మన దేశంలో రాజస్థాన్‌లోని మహాజన్, పోఖ్రాన్ రేంజ్‌ల పక్క ఊళ్లలోనూ స్క్రాప్ కోసం పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పైగా అమ్ముకునేంత ఇత్తడి అక్కడ ఉండదు! మందు నింపే ఇత్తడి గొట్టాలు (కేసులు) గన్ దగ్గరే పడతాయి, వాటిని లెక్కపెట్టి డిపోకు తిరిగి పంపుతాం. దూరంగా పోయి పడేది ఉక్కు గుండు, దాని చుట్టూ సన్నటి రాగి పట్టీ.

కనిపిస్తే ముట్టకండి, రాయి విసరకండి. దూరం జరిగి 112కు ఫోన్ చేయండి. బ్లైండ్‌ను మేమే ఎత్తుకుపోం, వీలైనంతవరకు పడినచోటే పేల్చేస్తాం.