పిల్లలకు రోమ్ గురించి చెప్తున్నారా? ఆ సీజర్‌ని కాసేపు పక్కన కూర్చోబెట్టండి

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, "నేటి ఇంజనీర్లకే అంతుచిక్కని రోమన్ కాంక్రీటు రహస్యం!" అంటూ ఓ వీడియో. వెనకాల దడదడమని మ్యూజిక్. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. చూశాక వాళ్లకి ఏం తెలిసిందయ్యా అంటే, "వామ్మో" అనడం తప్ప ఏమీ లేదు.

రహస్యం లేదు, గాడిదగుడ్డూ లేదు. నేపుల్స్ దగ్గర దొరికే అగ్నిపర్వతపు బూడిదలో సున్నం, రాళ్లు కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుందని విట్రూవియస్ అనే రోమన్ కట్టడాల నిపుణుడు ఆ రోజుల్లోనే రాసిపెట్టాడు. సున్నం ఎలా కలిపారన్నదాని మీద ఇప్పటికీ పరిశోధనలు జరుగుతున్న మాట నిజమే. పరిశోధన వేరు, మాయ వేరు. రోమ్‌లో పాంథియన్ అనే పాత గుడి గుమ్మటం చూడండి. 43 మీటర్ల వెడల్పు, ఒక్క ఇనుప చువ్వ లేదు. కాంక్రీటులో కింద బరువైన రాళ్లు వేశారు, పైకి వెళ్లేకొద్దీ తేలికవి, నడినెత్తిన ప్యూమిస్ లాంటి నురుగు రాళ్లు. ఎందుకలా వేశారని అడిగి మనం ఊరుకుంటే, జవాబు పిల్లలే చెప్తారు. ఆ ప్రశ్నే ఎవరూ వెయ్యరు, అదీ నా బాధ.

నీళ్ల సంగతీ ఇంతే. పుస్తకంలో నీటి కాలవని మోసే కమానుల వంతెన బొమ్మ, కింద "రోమన్ల అద్భుతం" అని ఒక ముక్క. అసలు ఆ కాలవలు ఎక్కువ భాగం భూమిలోపలే వెళ్తాయని ఎంతమంది పిల్లలకు తెలుసు? ఫ్రాన్స్‌లో నీమ్ నగరానికి నీళ్లు తెచ్చిన కాలవ పొడవు 50 కిలోమీటర్లు. మొత్తం పల్లం సుమారు 12 మీటర్లే. కిలోమీటరుకి పాతిక సెంటీమీటర్లు, పిల్లలు వాడే 30 సెంటీమీటర్ల పెద్ద స్కేలంత కూడా ఉండదు! మోటారు లేదు, పంపు లేదు. అంత సన్నటి వాలు ఎలా పట్టుకున్నారు? 20 అడుగుల చెక్క బల్ల, దానికి దారాలతో వేలాడే గుండ్లు. గాలికి దారాలు ఊగితే చూసుకోడానికి బల్ల మీద ఒక గాడి, అందులో నీళ్లు. నీళ్లు గాడి అంచులకు సమానంగా నిలిస్తే బల్ల మట్టంగా ఉన్నట్టు. ఇది ఇంట్లో చేసి చూపించొచ్చు కదండీ.

అన్నీ కుదిరాయా అంటే, లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోమన్ సీజర్ కాదు, నోనియస్ డాటస్. సైన్యంలో మట్టం చూసే సర్వేయరు. క్రీ.శ. 150 ప్రాంతంలో సాల్డే పట్నానికి, అంటే ఇప్పటి అల్జీరియాలోని బెజాయాకి, నీళ్లు రావాలంటే కొండ తొలవాలి. ఈయన కొండ మీద మేకులు పాతించి గీత చూపించి వెళ్లిపోయాడు. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చిన రెండు గుంపులూ ఎవరి కుడిపక్కకి వాళ్లు జరిగిపోయారు. రెండు తవ్వకాలూ కలిపితే కొండ వెడల్పుకన్నా ఎక్కువైంది, సొరంగాలు మాత్రం కలవలేదు! మళ్లీ డాటస్‌కే కబురు. వస్తుంటే దారిలో దొంగలు పడి దోచేశారు, ఒంటి మీద బట్ట లేకుండా దెబ్బలతో బయటపడ్డాడు. అయినా వచ్చి లెక్క సరిచేసి, నౌకాదళం వాళ్లకీ ఇంకో దండు వాళ్లకీ పోటీ పెట్టి తవ్వించి, కలిపాడు. ఇదంతా తనే రాతి మీద చెక్కించాడు. పైన మూడు పేర్లు: ఓర్పు, ధైర్యం, ఆశ. ఇంతకన్నా మంచి క్లాసు ఏముంటుంది చెప్పండి?

నీళ్ల దొంగలు అప్పుడూ ఉన్నారు. క్రీ.శ. 97లో రోమ్ నీటిశాఖ పెద్దగా వచ్చిన ఫ్రాంటినస్ ఈ గోలంతా రాశాడు. సర్కారు ముద్ర లేని గొట్టాలు, కాలవవాళ్లే వీధుల కింద పైపులకు కన్నాలు పెట్టి నీళ్లు అమ్ముకోవడం. ఇది చదివితే మన పిల్లలకు రోమ్ పరాయి ఊరనిపించదు. ఇక మరుగుదొడ్ల సంగతి, కర్రకి కట్టిన స్పాంజి సంగతి చెప్తే వాళ్లు జన్మలో మర్చిపోరు. (భోజనాల వేళ మాత్రం వద్దు.)

అదే ఫ్రాంటినస్ ఇంకో లెక్క కూడా ఇచ్చాడు. కాలవల మీద పనిచేసే బానిసలు 700 మంది, అందులో 460 మంది చక్రవర్తి సొంతం. పిల్లల పుస్తకాల్లో ఈ 700 మందికి ఒక వాక్యం కూడా దక్కదు. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన రోమన్ ఊరు పాంపేలో 2023లో ఒక బేకరీ బయటపడింది. కిటికీలు చిన్నవి, వాటికి ఇనుప ఊచలు, వీధిలోకి దారి లేదు. బానిసల్నీ గంతలు కట్టిన గాడిదల్నీ అక్కడ బంధించి తిరగలి తిప్పించారని తవ్విన పురావస్తు నిపుణులు చెప్పారు. కాళ్లు తడబడకుండా నేల రాళ్ల మీద గుండ్రంగా గాడులు చెక్కి ఉన్నాయి.

ఈ మాట అంటే "అయ్యో, చిన్నపిల్లలకు అవన్నీ ఎందుకండీ" అంటారు. సినిమాల్లో గ్లాడియేటర్లు ఒకరినొకరు పొడుచుకుంటుంటే పక్కన కూర్చుని పాప్‌కార్న్ పెట్టి మరీ చూపిస్తున్నారే, పిండి విసిరినవాణ్ణి చూపిస్తే భయపడతారా?