సవరణ: ‘పనికొచ్చేదే సత్యం’ పర్స్ మాట కాదు

ఒక భావన అర్థాన్ని దానివల్ల అనుభవంలో వచ్చే తేడాలతో తూచే తత్వం ప్రాగ్మటిజం. దానిపై గత వ్యాసంలోని రెండు వాక్యాలను ఇలా సవరించి చదవగలరు. ఆ తత్వానికి ఆద్యుడు అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ అన్నచోట మరో అమెరికన్ తత్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ పేరు ఉండాలి. 1898లో కాలిఫోర్నియా ఉపన్యాసంలో దాన్ని పదిమందికీ పరిచయం చేసింది జేమ్సే. ఆ తత్వాన్ని మొదలుపెట్టిన ఘనత పర్స్‌దేనని అక్కడే చెప్పాడు కూడా.

రెండోది ఇంతకంటే ముఖ్యం. ‘పనికొచ్చేదే సత్యం’ అన్న వాక్యాన్ని పర్స్‌కు అంటగట్టలేం. 1878 వ్యాసంలో ఆయన అడిగింది అర్థం గురించి. ఒక వస్తువు ‘గట్టిది’ అంటే అనుభవంలో ఏ తేడా కనిపించాలి? చాలా వస్తువులు దానిమీద గీత పెట్టలేవు, అంతే. మరి మెత్తటి దూది మధ్యలోనే ఏర్పడి, ఏదీ తాకకముందే కాలిపోయిన వజ్రం సంగతేమిటి? దాన్ని గట్టిదన్నా మెత్తదన్నా అది మాటల పొందికే తప్ప వాస్తవానికి సంబంధించింది కాదని అప్పట్లో తేల్చేశాడు. 1905లో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఎవరూ గీసి చూడకపోయినా, గీసి ఉంటే ఏమయ్యేదన్నది వాస్తవమేనని వాదించాడు.

పర్స్ దృష్టిలో ఆలోచన అంటే నచ్చిన నమ్మకాన్ని ఏరుకోవడమేనన్న అభిప్రాయం కూడా కొందరికి కలిగినట్టుంది. సందేహం పెట్టే చికాకే మనిషిని ఆలోచింపజేస్తుందని, నమ్మకం కుదిరాక ఆలోచన ఆగుతుందని పర్స్ అన్నమాట నిజమే. కానీ పట్టిన పట్టు విడవకుండా కూర్చుంటే ఆ నమ్మకం నిలవదనీ ఆయనే రాశాడు, ఎందుకంటే పక్కవాడు మరోలా ఆలోచిస్తున్నాడని ఎప్పుడో ఒకప్పుడు గమనించక తప్పదు.