డేటాబేస్ క్షేమమే, బొబ్బట్లు ఎన్నో చెప్పలేం

పని చేసేవారికి లోకంలో ఎంతో కొంత గౌరవం ఉంది. పనికి ఏర్పాట్లు చేసేవారికి అది కూడా లేదు. ఈ అన్యాయాన్ని ఎవరో ఒకరు ఖండించాలి కాబట్టి, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ల తెలుగువారి సంఘం ఉగాది భోజనాలను సాక్ష్యంగా పెట్టుకుని నేను ఖండిస్తున్నాను.

మొత్తం 140 ఇళ్లు. ఏ ఇంటి నుంచి పెద్దలెందరు వస్తారు, పిల్లలెందరు వస్తారు, ఇంతే తెలియాలి. బ్యాంకులో పనిచేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్న కోశాధికారిగారు ఏటా దీన్ని ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకానికి బ్యాకప్ లేదు. పాస్‌వర్డ్ లేదు. చివరికి ఒక పోర్టు నంబరైనా లేదు. గడపకొక సాఫ్ట్‌వేర్ ఇంజినీరున్న సంఘానికి ఇంతకన్నా తలవంపులు ఏముంటాయి? అందుకే సాంకేతిక ఉపసంఘం ఏర్పడింది, ఈ లెక్కను డాకర్ కంటెయినర్లలో నడపాలని తీర్మానించింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ప్రోగ్రాములకు చేతకానిది సరిగ్గా ఇదే. ఒకరి ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచినది పక్కవారి ల్యాప్‌టాప్‌లో మొరాయిస్తుంది. దీనికి కంప్యూటర్ శాస్త్రం కనిపెట్టిన విరుగుడు, ఇంటినే రచ్చకు మోసుకుపోవడం. ఇది నిన్నటి ఆలోచన కాదు. ఒక ప్రోగ్రామును ఒక ఫోల్డరులో బంధించి, లోకమంటే ఇదేనని నమ్మించే క్రూట్ అనే సదుపాయం 1979లోనే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వచ్చింది. ఎవరికి ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని రేషన్ పెట్టే సీగ్రూప్స్‌ను గూగుల్ ఇంజినీర్లు మొదలుపెడితే, 2008 జనవరిలో అవి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ 2.6.24లో చేరాయి. వీటన్నింటినీ కంటెయినర్ అనే ఒక మూటగా కట్టిన డాకర్‌ను సాలమన్ హైక్స్ 2013 మార్చిలో పైకాన్ సభలో అయిదు నిమిషాల ప్రసంగంతో పరిచయం చేశారు. ఆ అయిదు నిమిషాలను అర్థం చేసుకునే పనిలో మా ఉపసంఘం ఇప్పటికీ ఉంది.

తెలియనివారికి చెప్పాలంటే, కంటెయినర్ల వ్యవస్థ మారతహళ్లిలోని పీజీ హాస్టల్ లాంటిది. ఎవరి గది వారిది, ఎవరి తాళం వారిది. తలుపు వేసుకుంటే భవనమంతా తనదేనన్న భ్రమ. కింద సంప్ మాత్రం అందరికీ ఒక్కటే. దాని పేరు కెర్నల్. మార్చి నెలలో ట్యాంకరు రాని రోజున ఈ సంగతి గదిగదికీ తెలిసివస్తుంది. విండోస్, మ్యాక్ వాడేవారికి లినక్స్ సంప్ ఉండదు కాబట్టి డాకర్ డెస్క్‌టాప్ లోపల ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌నే, అంటే కంప్యూటర్ లోపల మరో ఉత్తుత్తి కంప్యూటర్‌నే, నడుపుతుంది. పెద్దలెందరు, పిల్లలెందరు అని అడగబోయే ముందు ల్యాప్‌టాప్ ఫ్యాను అంతగా హోరెత్తడానికి కారణం ఇదే.

రెండు ప్రశ్నల ఫారానికి అయిదు కంటెయినర్లు అవసరమని తేలింది. ఫారం చూపించడానికి వెబ్ కంటెయినర్ ఒకటి, జవాబులు దాచడానికి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఒకటి, వచ్చేవారిని గుమ్మంలో పలకరించడానికి ఎన్‌జిన్ఎక్స్, డేటాబేస్‌లోకి తొంగిచూడటానికి పీజీఅడ్మిన్. 140 ఇళ్లవారూ ఒకే క్షణంలో పులిహోర మీద పడితే తట్టుకోవడానికి, సమాచారాన్ని మెమరీలో చేతికందేలా ఉంచే రెడిస్. అన్నింటినీ, ఏవేవి ఎలా నడపాలో డాకర్‌కు చెప్పే ఒక కంపోజ్ ఫైలులో రాశారు. ఆ ఫైలులో వరుసలను స్పేసులతోనే జరపాలి, ట్యాబ్ నొక్కితే ఒప్పుకోదు. క్రమశిక్షణ అంటే ఇలా ఉండాలి.

మొదటి రోజు వెబ్ కంటెయినర్ డేటాబేస్ కోసం లోకల్‌హోస్ట్‌లో 5432 పోర్టు, అంటే డేటాబేస్ ఉండాల్సిన గుమ్మం, తట్టింది. ఎవరూ పలకలేదు. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. తన గది తలుపు తానే లోపలినుంచి తట్టుకుంటే ఎవరు పలుకుతారు? పక్క గదిని కంపోజ్ ఫైలులో పెట్టిన పేరుతో పిలవాలి. పిలిచారు. ఈసారి డేటాబేస్ ఉంది గానీ ఇంకా సిద్ధంగా లేదు. ‘డిపెండ్స్ ఆన్’ అని ఊరికే రాస్తే కంపోజ్ చూసేది పోస్ట్‌గ్రెస్ కంటెయినర్ మొదలైందా లేదా అన్నది మాత్రమే, ప్రశ్నలకు జవాబిచ్చే స్థితిలో ఉందా అన్నది కాదు. దానికోసం వేరే ఆరోగ్య పరీక్ష రాయాలి, అందులో నెగ్గాకే వెబ్‌ను లేపమని షరతు పెట్టాలి. ఉపసంఘం దీక్షగా ఆ షరతు రాస్తుండగా కేటరింగ్ ఆయన ఫోను చేశాడు.

“ఎంతమందికి వండమంటారు సార్?”

“డేటాబేస్ ఆరోగ్యంగా ఉందండీ,” అన్నాడు ఉపసంఘం నాయకుడు, పచ్చ అక్షరాల్లో వచ్చిన ఫలితం చూసి మురిసిపోతూ.

“చాలా సంతోషం సార్. బొబ్బట్లు ఎన్ని?”

వంటవారికి ఆర్కిటెక్చర్ మీద అవగాహన తక్కువ.

అసలైన ఘట్టం తరువాత వచ్చింది. అప్పటికి సగం ఇళ్లవారు పేర్లు నమోదు చేశారు. డేటాబేస్ పాస్‌వర్డ్ ‘ఉగాది123’ అని తెలిసి అధ్యక్షులవారు కలవరపడ్డారు. కంపోజ్ ఫైలులో కొత్త పాస్‌వర్డ్ రాసి అన్నింటినీ మళ్లీ నడిపించారు. పోస్ట్‌గ్రెస్ గుర్తుపట్టలేదు. అధికారిక పోస్ట్‌గ్రెస్ ఇమేజ్, అంటే కంటెయినర్‌ను పోతపోసే అచ్చు, ఆ పాస్‌వర్డ్ గడిని డేటా ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడు, అంటే పుట్టినప్పుడు ఒక్కసారే చదువుతుంది. తరువాత మార్చాలంటే లోపలికి వెళ్లి డేటాబేస్ భాషైన ఎస్‌క్యూఎల్ ఆజ్ఞతో మార్చాలి. ఈ మాట తెలిసిన మనిషి ఆ సాయంత్రం అవుటర్ రింగ్ రోడ్డు మీద బస్సులో ఉన్నాడు. ఇక్కడున్న ఉత్సాహవంతుడైన యువకుడు అన్నింటినీ ఆపేసే ‘కంపోజ్ డౌన్’ ఆజ్ఞ చివర ‘వి’ అనే అక్షరం చేర్చి ఎంటర్ నొక్కాడు.

ఆ ‘వి’ వాల్యూములను కూడా తుడిచేస్తుంది. కంటెయినర్ పోయినా డేటా పోకూడదనే కదా వాల్యూమ్ అనే భద్రమైన అరను విడిగా ఏర్పాటు చేసేది! ఆ అరకు ఒక్క అక్షరం చాలింది. ‘నిజంగానా?’ అని అడగనైనా అడగలేదు. నమోదైన పేర్లన్నీ పోయాయి. అయితే న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి: ఫోల్డరు ఇప్పుడు ఖాళీ కాబట్టి కొత్త పాస్‌వర్డ్ మొదటి ప్రయత్నంలోనే పనిచేసింది. సమావేశం మినిట్స్‌లో నమోదైన విజయం ఇదే.

ఇదంతా ఒక వాట్సాప్ పోల్‌తో అయిపోయేది కదా అని గిట్టనివాళ్లు అన్నారు. వారికి జవాబివ్వను. కానీ ఒక్క మాట మాత్రం వెటకారం లేకుండానే: ఆఫీసులో ఒక ప్రాజెక్టుకు పోస్ట్‌గ్రెస్ 13, మరొకదానికి 16 కావాల్సి వచ్చినప్పుడు ఒకే యంత్రం మీద రెండింటినీ గొడవ లేకుండా నడుపుకోవడానికి ఇంతకన్నా హాయైన మార్గం నాకు తెలియదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారు వారం రోజులు ఇన్‌స్టలేషన్లతో కుస్తీ పట్టకుండా మధ్యాహ్నానికల్లా పనిలో పడగలిగేదీ దీనివల్లే. కంటెయినర్లు చేసిన పాపం ఏమీ లేదు. పులిహోర కోసం రెడిస్ పెట్టమని అవి అడగలేదు.

ఉగాది వచ్చింది, భోజనాలు జరిగాయి, బొబ్బట్లు సరిపోయాయి. ఎలా సరిపోయాయన్నది ఉపసంఘం నివేదికలో లేదు. ముందురోజు రాత్రి కోశాధికారిగారు ప్రతి అంతస్తులోనూ లిఫ్టు దిగుతూ కనిపించారని కొందరు చెబుతారు గానీ, ఆ విషయం నివేదిక పరిధిలోకి రాదు.

ప్రస్తుతం లైసెన్సు విషయం నడుస్తోంది. 250 మందికి మించి ఉద్యోగులున్న, లేదా ఏటా కోటి డాలర్లకు మించి ఆదాయమున్న సంస్థలు డాకర్ డెస్క్‌టాప్‌కు డబ్బు కట్టాలని 2021లో ఆ కంపెనీ షరతు పెట్టింది. మన సంఘం ఆ పరిధిలోకి వస్తుందో లేదో ధ్రువీకరించమని ఉపసంఘం లిఖితపూర్వకంగా కోరింది. కోశాధికారిగారు ఉద్యోగులు సున్న అనీ, ఖర్చులు పోగా నిలవ 4,310 రూపాయలనీ రాసి సంతకం పెట్టారు. “డాలర్లలో ఎంతో మీరే చూసుకోండి నాయనా,” అన్నారు.

రోజువారీ మారకపు రేటు తెచ్చిపెట్టే ఆరో కంటెయినర్ పని మొన్న ఆదివారం మొదలైంది.